సెకండరీ స్థాయిలో కొత్త పాఠ్యప్రణాళిక, కొత్త మూల్యాంకనం: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పాఠ్యప్రణాళిక మారినప్పుడల్లా బడి నుంచి ఇంటికి ఒక సర్క్యులర్ వస్తుంది. అందులో సామర్థ్యాలు, అభ్యసన ఫలితాలు, నిరంతర మూల్యాంకనం, వెయిటేజీ వంటి మాటలు ఉంటాయి గానీ, వాటి వల్ల తమ పిల్లల చదువులో రేపటి నుంచి ఏం మారుతుందో తల్లిదండ్రులకు అర్థమయ్యేలా ఉండదు. తల్లిదండ్రుల సమావేశాల్లో పదే పదే వినిపించే ప్రశ్నలను, వాటికి జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాం. వివరాలు ఒక బోర్డుకూ మరో బోర్డుకూ తేడాగా ఉంటాయి. అడుగున పనిచేసే సూత్రాలు మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే కాబట్టి, అవసరమైనచోట వేర్వేరు దేశాల అనుభవాలను ఉదాహరణలుగా తీసుకున్నాం.

పాఠ్యప్రణాళిక మారిందంటే పుస్తకాలు మారాయనేనా?

కాదు. పుస్తకం అన్నిటికంటే చివర వచ్చేది. ఏ వయసుకు పిల్లలకు ఏం తెలియాలి, ఏం చేతనవ్వాలి, దాన్ని ఎన్ని గంటల్లో ఎలా నేర్పాలి, నేర్చుకున్నారని ఎలా తేల్చాలి అన్న నిర్ణయాలన్నీ కలిసి పాఠ్యప్రణాళిక. అందులో ఒక్కో సబ్జెక్టుకు వచ్చే పాఠాల జాబితా సిలబస్. ఆ సిలబస్‌ను చదివించడానికి వాడే పరికరాల్లో ఒకటి పాఠ్యపుస్తకం. పుస్తకం మారకుండా పాఠ్యప్రణాళిక మారవచ్చు. అట్టలూ బొమ్మలూ మారి లోపల ఏమీ మారకపోవడమూ ఉంటుంది.

అసలు మార్పు ఎక్కడుందో తెలియాలంటే అభ్యసన ఫలితాల జాబితా తీసి, వాక్యం చివర ఉన్న క్రియాపదం చూడండి. ‘కిరణజన్య సంయోగక్రియను నిర్వచిస్తారు’ అని ఉన్నచోట ‘ఆకుకు వెలుతురు అందకపోతే ఏమవుతుందో పరీక్షించే ప్రయోగాన్ని రూపొందిస్తారు’ అని వచ్చిందంటే, పాఠం పేరు అదే అయినా పిల్లల నుంచి కోరేది పూర్తిగా వేరు. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం ప్రతిపాదించి, 2001లో సవరణకు నోచుకున్న వర్గీకరణ ఈ క్రియాపదాల వెనక ఉంటుంది. గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, విలువ కట్టడం, సృజించడం అన్నవి అందులోని ఆరు మెట్లు.

మేమంతా పాత పద్ధతిలోనే చదువుకున్నాం. దానికి వచ్చిన లోపం ఏమిటి?

ప్రశ్న న్యాయమైనదే. మూడు గంటల రాతపరీక్షకు ఉన్న మంచి గుణాలను సంస్కరణల ఉత్సాహంలో చాలామంది మరచిపోతారు. అందరికీ ఒకే ప్రశ్నపత్రం, ఒకే సమయం. దిద్దేవారికి ఆ జవాబుపత్రం ఎవరిదో తెలియదు. ఖర్చు తక్కువ, సిఫారసులకు చోటు తక్కువ.

దాని ఇబ్బంది మరోచోట ఉంది. కాగితం మీద మూడు గంటల్లో చూపించగలిగిన దాన్ని మాత్రమే అది కొలవగలదు. విద్యార్థి పదిమంది ముందు మాట్లాడగలడా, ప్రయోగం విఫలమైతే కారణం వెతకగలడా, నాలుగు వారాలు ఒక పనిని పట్టుకుని పూర్తి చేయగలడా అన్నవి దానికి కనబడవు. పరీక్షకు కనబడనిది తరగతిగదిలోనూ మెల్లగా కనుమరుగవుతుంది, ఎందుకంటే పరీక్షలో వచ్చేదే పాఠంగా మారుతుంది. ప్రశ్నలు ఏటా ఒకే మూసలో వస్తే గైడ్లే పాఠ్యపుస్తకాలవుతాయి. కాబట్టి సంస్కరణల్లో ప్రధానంగా మారేది, పిల్లలు నేర్చుకున్నారనడానికి మనం దేన్ని సాక్ష్యంగా ఒప్పుకుంటాం అన్నది. కింది జవాబులన్నీ ఏదో ఒక రూపంలో ఈ సాక్ష్యం గురించే.

ప్రశ్నపత్రంలో మార్పు ఎలా ఉంటుంది? ఒక ఉదాహరణ చెప్పగలరా?

సాంద్రత పాఠాన్ని తీసుకుందాం. పాత ప్రశ్న ఇలా ఉంటుంది: ‘సాంద్రతను నిర్వచించి, సూత్రం, ప్రమాణాలు రాయండి.’ పాఠం అర్థం కాకపోయినా జవాబు కంఠస్థంగా వస్తే పూర్తి మార్కులు పడతాయి.

అదే పాఠం మీద సామర్థ్యాన్ని పరీక్షించే ప్రశ్న ఇలా ఉండవచ్చు. ఒక విద్యార్థిని ఒకే లోహానికి చెందిన నాలుగు ముక్కలను కొలిచింది. 10 ఘన సెంటీమీటర్ల ముక్క 27 గ్రాములు, 20 ఘన సెంటీమీటర్లది 54 గ్రాములు, 30 ఘన సెంటీమీటర్లది 81 గ్రాములు, 40 ఘన సెంటీమీటర్లది 98 గ్రాములు తూగాయి. వీటిలో ఏ కొలతను అనుమానించాలి? ఎందుకు? దాన్ని కొట్టివేసే ముందు ఆమె ఏం చేయాలి?

దీనికి 4 మార్కులనుకుంటే, దిద్దేవారి చేతిలోని సూచనల్లో వాటి పంపకం ఇలా ఉంటుంది: ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించి 2.7 అన్న విలువ కట్టినందుకు 1, నాలుగో కొలతను పట్టుకున్నందుకు 1, అక్కడ 108 గ్రాములు రావాల్సి ఉండగా 98 వచ్చిందని కారణం చూపినందుకు 1, ఆ ముక్కను మళ్లీ తూచి, ఘనపరిమాణం కూడా మళ్లీ కొలవాలని చెప్పినందుకు 1. నిర్వచనం పొల్లుపోకుండా రాసి అక్కడితో ఆగిన జవాబుకు ఇక్కడ ఒక్క మార్కూ రాదు. ‘మొత్తం పేజీ నింపాడు, సున్నా వేశారు’ అన్న ఫిర్యాదులు చాలావరకు ఇక్కడే పుడతాయి. జవాబు పొడవు కొలమానం కాకుండా పోయిందని పిల్లలకు పరీక్షకు ముందే చెప్పి ఉండాలి; చెప్పకపోతే ఆ తప్పు బడిది.

అయితే ఇక కంఠస్థం చేయనక్కర్లేదా?

చేయాలి. పై ప్రశ్నకు సాంద్రత సూత్రం గుర్తు లేనివాళ్లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. ఎక్కాలు, సూత్రాలు, పదజాలం, ముఖ్యమైన తేదీలు నోటికి వచ్చి ఉంటేనే మనసుకు ఆలోచించే తీరిక దొరుకుతుంది. ‘కొత్త పద్ధతిలో గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. మారింది ఒక్కటే: గుర్తున్నదాన్ని ఉన్నదున్నట్టు దింపితే మార్కులు వచ్చే ప్రశ్నల వాటా తగ్గింది.

నిర్మాణాత్మక మూల్యాంకనానికీ, సంగ్రహణాత్మక మూల్యాంకనానికీ తేడా ఏమిటి?

పాఠం నడుస్తుండగానే పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో కనిపెట్టి బోధనను సర్దుకోవడానికి చేసేది నిర్మాణాత్మకం. ఒక దశ ముగిశాక ఎంత వచ్చిందో తేల్చేది సంగ్రహణాత్మకం. మూల్యాంకనంలో ఈ విభజనను 1967లో మైకేల్ స్క్రివెన్ చేశారు. తరగతి గదిలోని నిర్మాణాత్మక మూల్యాంకనం చదువును గణనీయంగా మెరుగుపరుస్తుందని 1998లో పాల్ బ్లాక్, డిలన్ విలియం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను సమీక్షించి చెప్పిన తర్వాత, దాదాపు ప్రతి సంస్కరణ పత్రంలోనూ ఈ మాట చోటుచేసుకుంది.

తల్లిదండ్రులకు మరింత పనికివచ్చే అధ్యయనం రూత్ బట్లర్ 1988లో ప్రచురించినది. కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ కలిపి ఇచ్చి చూస్తే, వ్యాఖ్య మాత్రమే అందుకున్నవారు తరువాతి పనిలో మెరుగుపడ్డారు. రెండూ అందుకున్నవారికి ఆ మేలు దక్కలేదు. అంకె కనిపించగానే పక్కన ఉన్న వ్యాఖ్యను చదవడం మానేస్తామన్నది మనందరికీ అనుభవమే. నోట్‌బుక్ మీద మార్కులు లేకుండా వ్యాఖ్య మాత్రమే వస్తే టీచరు సరిగ్గా దిద్దలేదని అనుకోకండి. అయితే ఆ వ్యాఖ్య ఎలాంటిదో చూడండి. ‘బాగుంది, ఇంకా కృషి చేయాలి’ అన్నది వ్యాఖ్య కాదు, ముద్ర. ‘నిష్పత్తి సరిగ్గా కట్టావు, 98ని ఎందుకు అనుమానించావో 108తో పోల్చి చెప్పలేదు, ఆ ఒక్క వాక్యం చేర్చు’ అన్నది వ్యాఖ్య.

ఇక్కడ సంస్కరణ దారి తప్పే తీరు ఒకటి ఉంది. నిర్మాణాత్మకం అని పేరు పెట్టి, ఏడాదికి నాలుగు స్లిప్ టెస్టులు జరిపి, ప్రతి దాని మార్కులనూ తుది ఫలితంలో కలిపితే, అవి పేరుకే నిర్మాణాత్మకం. నిజానికి చిన్న సైజు వార్షిక పరీక్షలు. పిల్లలకు తప్పు చేసి నేర్చుకునే చోటు ఎక్కడా మిగలదు. స్కాట్లండ్‌లో ఇలాంటి భారమే పెరిగి ఉపాధ్యాయులు ఆందోళనకు దిగగా, పదిహేను, పదహారేళ్ల పిల్లలు చదివే నేషనల్ 5 అర్హతలో తప్పనిసరి యూనిట్ పరీక్షలను 2017–18 నుంచి తీసివేశారు.

ఇంటర్నల్ మార్కులు టీచర్ల చేతిలో ఉంటే పక్షపాతం ఉండదా? కొన్ని బడులు అందరికీ పూర్తి మార్కులు వేస్తున్నాయి కదా?

అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇదే. దీన్ని ‘టీచర్లను నమ్మండి’ అని దాటవేయడం సరికాదు. సమస్య నిజమైనదే, దాన్ని వ్యవస్థలు వేర్వేరు దారుల్లో ఎదుర్కొన్నాయి.

హాంకాంగ్‌లో 2012లో మొదలైన సెకండరీ డిప్లొమా పరీక్షలో బడి వేసిన మార్కులను చాలా సబ్జెక్టుల్లో గణాంక పద్ధతిలో సర్దుబాటు చేస్తారు. ఆ బడి పిల్లలంతా కలిసి బహిరంగ పరీక్షలో చూపిన స్థాయిని ఆధారంగా తీసుకుని, బడి వేసిన మార్కుల సగటునూ, అవి ఎంత దూరం పరచుకున్నాయన్నదాన్నీ సరిచేస్తారు. బడిలో పిల్లల వరుసక్రమాన్ని మాత్రం చెదరనివ్వరు. అందరికీ ఉదారంగా మార్కులు వేసిన బడికి దానివల్ల లాభం ఉండదన్నమాట.

ఐర్లండ్‌ది ఇంకో దారి. సెకండరీలో మొదటి మూడేళ్ల దశ అయిన జూనియర్ సైకిల్ సంస్కరణలో తమ విద్యార్థులకు ప్రభుత్వ ధ్రువపత్రం కోసం తామే మార్కులు వేయడాన్ని ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. చివరికి తరగతిగది ఆధారిత మూల్యాంకనాన్ని టీచర్లే చేస్తారు గానీ, ఆ ఫలితం రాతపరీక్ష గ్రేడులో కలవకుండా ధ్రువపత్రం మీద విడిగా, అంకెలతో కాక మాటలతో కనిపిస్తుంది. ఒకే సబ్జెక్టు టీచర్లు కూర్చుని పిల్లల పనిని పక్కపక్కన పెట్టి చర్చించే సమావేశాలు ఆ పద్ధతికి ఆయువుపట్టు. ఇంగ్లండ్ దీనికి భిన్నంగా, పదహారేళ్ల వయసులో రాసే జీసీఎస్ఈ పరీక్షలను 2015 నుంచి దశలవారీగా కొత్తవిగా ప్రవేశపెట్టినప్పుడు వాటిలో ఇంటర్నల్ మార్కులను ఎక్కువ సబ్జెక్టుల్లో తీసివేసింది. సైన్సు ప్రయోగాలు తరగతిలో చేయిస్తారు, వాటి మీద ప్రశ్నలు రాతపరీక్షలో కనీసం 15 శాతం మార్కులకు వస్తాయి.

సర్దుబాటు సూత్రం మీద గుడ్డి నమ్మకం కూడా ప్రమాదమే. 2020లో కోవిడ్ వల్ల పరీక్షలు రద్దయినప్పుడు, ఇంగ్లండ్‌లో టీచర్ల అంచనాలను బడి గత ఫలితాల ఆధారంగా ఒక అల్గారిథమ్‌తో (కంప్యూటరు లెక్కతో) సవరించి ఏ లెవెల్ (పద్దెనిమిదేళ్ల వయసులో రాసే పరీక్ష) గ్రేడ్లు ఇచ్చారు. చాలామంది గ్రేడ్లు తగ్గి పెద్ద ఆందోళన రేగడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గి, టీచర్ల అంచనాలనే ఆమోదించారు. పిల్లలు రాసినది ఏదీ పోల్చడానికి చేతిలో లేనప్పుడు సూత్రం ఎంత తెలివైనదైనా న్యాయం చేయలేదు.

ఇక మీరే వేసి చూసుకోగల లెక్క ఒకటి. రాతపరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20 మార్కులని కాగితం మీద ఉంటుంది. బడిలో అందరికీ 18 నుంచి 20 మధ్య వేస్తే, పిల్లల మధ్య తేడా తెచ్చే శక్తి ఆ 20కి లేదు, అందులోని 2 మార్కులకే ఉంది. మిగిలినదంతా 80లోనే తేలుతుంది. అంటే పరీక్ష ఒత్తిడి తగ్గించడానికి పెట్టిన వాటా ఒత్తిడిని ఏమాత్రం తగ్గించలేదు, ప్రాజెక్టుల పని మాత్రం మిగిలింది. పూర్తి మార్కులు వచ్చాయని సంతోషించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మార్కుల బదులు గ్రేడ్లు ఎందుకు?

90కీ 91కీ మధ్య చదువులో తేడా లేదు కాబట్టి. అదే జవాబుపత్రాన్ని మరొకరు దిద్దితే, లేదా అదే విద్యార్థి మరో రోజు రాస్తే, ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ అవుతాయి. అంత చిన్న తేడాలను పట్టించుకోనవసరం లేదని చెప్పడానికే గ్రేడ్లు వచ్చాయి. ఇబ్బందేమిటంటే, 90కీ 91కీ మధ్యనే గ్రేడు సరిహద్దు పడితే ఆ ఒక్క మార్కు మునుపటికంటే బరువెక్కుతుంది. ఈ చిక్కు నుంచి ఏ పద్ధతీ పూర్తిగా బయటపడలేదు.

మీ బోర్డు గ్రేడు దేన్ని చెబుతుందో కూడా తెలుసుకోవాలి. కొన్నిచోట్ల అది నిర్దేశించిన ప్రమాణాన్ని అందుకున్నారా లేదా అని చెబుతుంది. న్యూజిలాండ్‌లో 2002లో మొదలైన ఎన్‌సీఈఏ అనే సెకండరీ అర్హత ఆ కోవకు చెందింది. మరికొన్నిచోట్ల తోటివారిలో స్థానాన్ని చెబుతుంది. సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో ఒక సబ్జెక్టులో ఉత్తీర్ణులైనవారిని వరుసలో పెట్టి, పైన ఉన్న ఎనిమిదో వంతుకు ఏ1, తరువాతి ఎనిమిదో వంతుకు ఏ2 ఇస్తూ వెళతారు. అక్కడ అదే మార్కుకు ఈ ఏడాది ఒక గ్రేడు, వచ్చే ఏడాది మరో గ్రేడు రావచ్చు.

మాది మొదటి బ్యాచ్. మా పిల్లలు ప్రయోగానికి బలవుతారా?

కొత్త పరీక్ష మొదలైన ఏడాది సగటు పనితీరు కొంత తగ్గి, టీచర్లకూ పిల్లలకూ ఆ పద్ధతి అలవాటయ్యే కొద్దీ పెరగడం చాలాసార్లు కనిపించే విషయమే. ఇంగ్లండ్ పరీక్షల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ 2016లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించింది. గ్రాఫు రంపపు పళ్లలా పడుతూ లేస్తూ ఉంటుంది కాబట్టి దానికి ఆ పేరే స్థిరపడింది. పిల్లల తెలివి ఏమీ తగ్గలేదు. పాత ప్రశ్నపత్రాలు లేకపోవడం, బోధనలో అనుభవం చాలకపోవడం దీనికి కారణాలు.

ఈ నష్టాన్ని ఆ బ్యాచ్ మీద వేయకుండా, గ్రేడు సరిహద్దులను సర్దుతారు. 2017లో ఇంగ్లండ్ జీసీఎస్ఈల్లో ఏ* నుంచి జి దాకా ఉన్న గ్రేడ్ల స్థానంలో 9 నుంచి 1 దాకా అంకెల గ్రేడ్లు మొదటిసారి వచ్చినప్పుడు, పాత సి గ్రేడు అడుగు హద్దును కొత్త 4 అడుగు హద్దుతో, పాత ఏ గ్రేడు అడుగు హద్దును కొత్త 7 అడుగు హద్దుతో ముడిపెట్టారు. అంతకుముందు బ్యాచ్‌లో ఎంత శాతం మంది ఆ స్థాయి దాటారో, అలాంటి పిల్లలే ఉన్న కొత్త బ్యాచ్‌లోనూ దాదాపు అంతే శాతం దాటేలా చూడటం దీని ఉద్దేశం. మీ బోర్డు ఇలాంటి రక్షణ ప్రకటించిందా అన్నది సూటిగా అడగదగిన ప్రశ్న. ‘పిల్లలు అలవాటు పడతారు’ అన్నది దానికి జవాబు కాదు. మాదిరి ప్రశ్నపత్రాలు, వాటితో పాటు దిద్దే సూచనలు ఎప్పుడు విడుదలవుతాయో కూడా కనుక్కోండి. రెండోది లేకుండా మొదటిది సగం ఉపయోగమే.

ప్రాజెక్టులన్నీ చివరికి మేమే చేసిపెట్టాల్సి వస్తోంది.

చేయకండి. రాత్రి పదకొండు గంటలకు అమ్మ కత్తిరించి అతికించిన నమూనా, నాన్న ప్రింటు తీయించిన ఇరవై పేజీలు పిల్లలు ఏం నేర్చుకున్నారన్నదానికి సాక్ష్యం కావు. కృత్రిమ మేధ పరికరాలు చేతికి వచ్చాక తుది ప్రతిని మాత్రమే చూసి మార్కులు వేయడంలో అర్థమే లేకుండా పోయింది. ప్రాజెక్టులో ఎక్కువ భాగం బడిలోనే జరగాలి, చిత్తుప్రతులు దాచాలి, చివర టీచరు ఐదు నిమిషాలు కూర్చోబెట్టి ‘ఇది ఎందుకు ఇలా చేశావు?’ అని అడగాలి. మీ బడిలో అలా జరగకపోతే సమావేశంలో ఈ విషయం లేవనెత్తండి.

ఏడాదికి రెండుసార్లు బోర్డు పరీక్ష రాస్తే ఒత్తిడి రెట్టింపు కాదా?

రెండోది ఐచ్ఛికమా, తప్పనిసరా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. జాతీయ విద్యావిధానం 2020 సూచనకు అనుగుణంగా సీబీఎస్ఈ పదో తరగతికి 2026 నుంచి రెండు పరీక్షల పద్ధతి ప్రకటించింది. అందులో మొదటిది అందరూ రాయాలి, రెండోది మూడు సబ్జెక్టుల దాకా మెరుగుపరచుకోదలచినవారికి మాత్రమే. రెంటిలో మెరుగైన ఫలితమే నిలుస్తుంది, ఇంటర్నల్ మూల్యాంకనం ఒక్కసారే. ఒక్క రోజు జ్వరం వస్తే ఏడాది పోతుందన్న భయాన్ని ఇది తగ్గిస్తుంది. 92 వచ్చిన పిల్లలను కూడా మళ్లీ రాయమని ఇంట్లో పట్టుబడితే మాత్రం మీరన్న రెట్టింపు ఒత్తిడి తప్పదు. అది బోర్డు పెట్టినది కాదు.

అర్ధవార్షిక పరీక్షలు తీసేస్తే పిల్లలు చదవడం మానేయరా?

సింగపూర్ 2023 నాటికి ప్రైమరీ, సెకండరీ తరగతులన్నిటిలో అర్ధవార్షిక పరీక్షలను తీసివేసింది. పరీక్షలంటే ఎంత పట్టింపో తెలిసిన సమాజం ఆ పని చేసింది. వార్షిక పరీక్షలు మాత్రం అక్కడ ఉన్నాయి. ఖాళీ అయిన వారాలను బోధనకు వాడమన్నారు. ఆ సమయంలోకి వారాంతపు పరీక్షలు చొరబడకుండా చూడగలిగితేనే ప్రయోజనం.

కొత్త ప్రోగ్రెస్ కార్డులో అంకెల కంటే మాటలే ఎక్కువ. దాన్ని ఎలా చదవాలి?

మూడు కాలాల రిపోర్టులను పక్కపక్కన పెట్టి చదవండి. అవే మాటలు మూడుసార్లూ కనిపిస్తే, పిల్లలు ఎదగనైనా లేదు, రాసినవారు చూడనైనా లేదు. తరువాత ఒక్క సబ్జెక్టు ఎంచుకుని టీచరును ఇలా అడగండి: ‘ఈ స్థాయి ఇవ్వడానికి మా అమ్మాయి చేసిన ఏ పనిని చూశారు? దానికి పై స్థాయిలో ఉన్న పని ఎలా ఉంటుంది, ఒకటి చూపిస్తారా?’ పద్ధతి సరిగ్గా నడుస్తున్న బడిలో టీచరు బీరువా తెరిచి రెండు నోట్‌బుక్కులు తీసి, పేర్లు కనబడకుండా మీ ముందు పెట్టగలుగుతారు. తరగతిలో ఎన్నో ర్యాంకు అన్న ప్రశ్నకు ఇంత ఉపయోగమైన జవాబు రాదు.

ప్రభుత్వం మారి, విధానం మళ్లీ వెనక్కి పోతే?

పోయిన సందర్భాలు ఉన్నాయి. సీబీఎస్ఈ 2009లో నిరంతర సమగ్ర మూల్యాంకనం తెచ్చి, పదో తరగతి బోర్డు పరీక్షను ఐచ్ఛికం చేసింది; 2017–18 విద్యాసంవత్సరం నుంచి మళ్లీ అందరికీ తప్పనిసరి చేసింది. జపాన్ 2002లో వారానికి ఐదు రోజుల బడి పెట్టి, సుమారు 30 శాతం పాఠ్యాంశాలు తగ్గించి, అంతర్జాతీయ పోలికల్లో వెనకబడ్డామన్న ఆందోళనతో 2008 సవరణలో మళ్లీ పెంచింది. దక్షిణాఫ్రికాలో 1998లో మొదలైన పాఠ్యప్రణాళిక, దాని పరిభాష టీచర్లకే కొరుకుడు పడక, చాలాసార్లు సవరణలకు గురై, చివరికి 2012 నుంచి దశలవారీగా కొత్తదానికి చోటిచ్చింది.

ఇలా మారేటప్పుడు సాధారణంగా కొత్త నిబంధనలను కింది తరగతి నుంచి మొదలుపెట్టి, అప్పటికే పరీక్షకు దగ్గరపడిన బ్యాచ్‌ను పాత పద్ధతిలోనే బయటికి పంపుతారు. పాత పద్ధతిలో తప్పినవారికి అదే సిలబస్‌తో మరికొన్ని అవకాశాలు ఇస్తారు. ఎన్ని అవకాశాలు, ఎప్పటిదాకా అన్నది సర్క్యులర్‌లో రాతపూర్వకంగా ఉండాలి. మీ అబ్బాయో అమ్మాయో తొమ్మిదో తరగతిలో ఉండగా మార్పు ప్రకటించారంటే, ఆ సర్క్యులర్ ప్రతిని, ఆ ఏడాది సిలబస్‌ను, ఇంటర్నల్స్ రికార్డును పై కోర్సులో ప్రవేశం పూర్తయ్యేదాకా దాచి ఉంచండి.